మంజీరా లోయ కరువులు – గాలుల కథ

బోధను సీమ చరిత్రను చెప్పువారు సాధారణముగా మూడు పేర్లతో ప్రారంభింతురు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్; నిజాంసాగరమును కట్టిన ఇంజనీరు నవాబు అలీ నవాజ్ జంగ్; 1937లో శక్కర్‌నగరున నెలకొన్న నిజాం చక్కెర కర్మాగారము. ఇట్లు చెప్పుటలో తప్పు లేదు. కాని వీరందరును దేనిని ఎదుర్కొనుటకు పూనుకొనిరో దాని పేరు ఆ చరిత్రలలో తరచుగా కానరాదు. అది గాలి. వాన తెచ్చు గాలి ఏ సంవత్సరము వచ్చునో, ఏ సంవత్సరము మొగము చాటువేయునో తెలియకపోవుట చేతనే చెరువులు త్రవ్విరి, ఆనకట్టలు కట్టిరి, కాలువలు సాగించిరి.

పసిఫిక్ మహాసముద్రమున గాలులు మందగించినచో మంజీరా కాలువ క్రింద చెరకు ఎండునని 1900వ సంవత్సరమునాటి రైతుతో చెప్పియుండినచో అతడు నవ్వియుండును. నేడు ఆ మాట విని ఎవరును నవ్వరు. అయితే మరియొక ప్రమాదము వచ్చిపడినది. పూర్వులు ప్రతి కరువును దైవకోపమనిరి. ఇప్పుడు ప్రతి కరువును ఎల్ నినో అనుచున్నారు. రెండు మాటలును మనుష్యుని బాధ్యతను మరుగుపరచునవే. కరువులో గాలి పాలెంత, మనుష్యుని పాలెంత అను విచారణకు ఈ జిల్లా చరిత్ర వంటి ఉదాహరణము సులభముగా దొరకదు.

ముందుగా నది సంగతి. మంజీర మహారాష్ట్రములోని బీడ్ జిల్లా పాటోదా తాలూకాలో, బాలాఘాట్ కొండలలో పుట్టును. ధారాశివ్, లాతూరు, బీదరు సీమల గుండ ఆగ్నేయముగా ప్రవహించి తెలంగాణమున ప్రవేశించును. సంగారెడ్డి ప్రాంతమున ఉత్తరమునకు మరలి, మెదకు, కామారెడ్డి, నిజామాబాదు జిల్లాలను దాటి, మొత్తము 724 కిలోమీటర్ల దూరము నడచి, కందకుర్తి వద్ద గోదావరిలో కలియును. కందకుర్తి సంగమమున పుష్కరస్నానము చేసినవారికి ఈ నీరు ఎచ్చటిదో ఆలోచించు అవసరము కలుగకపోవచ్చును. నిజాంసాగరము క్రింద మడి గలవారికి మాత్రము ఆ అవసరము ప్రతి సంవత్సరమును కలుగును. నిజామాబాదు జిల్లాలో ఏటికి సగటున సుమారు 1,000 మిల్లీమీటర్ల వర్షము పడును. మంజీర పుట్టిన సీమలో ఇంచుమించు అందులో మూడింట రెండు వంతులే. కావున బోధను రైతు తన తలపైనున్న ఆకాశమును చూచుకొన్నంత మాత్రమున చాలదు. వర్నిలో వాన కురిసినను బీడులో కురియనిచో ఆ సంవత్సరము జలాశయము నిండదు.

ఎగువ సీమలో వాన తగ్గుటకు కారణము సహ్యాద్రి. అరేబియా సముద్రము నుండి వచ్చు నైరుతి గాలి తేమను మోసికొని ఆ కొండలను ఎక్కును. ఎక్కిన గాలి చల్లబడి తన బరువును కొంకణమునందే దించును. కొండ దాటి తూర్పునకు దిగునప్పుడు మరల వేడెక్కి పొడిబారును. ఆ దిగుగాలి క్రింద నున్నవే బీడ్, లాతూరు సీమలు. వీనిని వర్షచ్ఛాయా ప్రదేశములందురు. రెండవ దారి బంగాళాఖాతము. అచ్చట పుట్టిన అల్పపీడనములు ఒడిశా, ఛత్తీస్‌గఢ్ మీదుగా వాయవ్యమునకు సాగునప్పుడు ఉత్తర తెలంగాణమునకు మంచి వానలు పడును. మృగశిరలో తొలకరి వచ్చినను చెరువు నిండుట పునర్వసు, పుష్యమి, ఆశ్లేషలలో ఈ అల్పపీడనములు ఎన్ని వచ్చుననుదానిపైన ఆధారపడియుండును. రాజస్థానము నుండి బంగాళాఖాతము వరకు పరచుకొని యుండు అల్పపీడన ద్రోణి ఒక్కొక్కప్పుడు ఉత్తరమునకు జరిగి హిమాలయముల పాదమున చేరును. అప్పుడు బీహారు, అస్సాములలో వరదలు, దక్కనులో బెట్ట. ఈ విరామము పది దినములైనచో పైరు తట్టుకొనును. నెల దినములైనచో తట్టుకొనలేదు.

ఇది ఒక సంవత్సరపు మాట. సంవత్సరము వెంట సంవత్సరము వాన తప్పుటకు ఇంతకంటె పెద్ద కారణము వెదకవలసి యుండెను. ఆ వెదకుట కరువులోనే ప్రారంభమైనది.

1876–77 ధాత సంవత్సరము. 1877–78 ఈశ్వర సంవత్సరము. దక్షిణ భారతమున వృద్ధులు చాలకాలము చెప్పుకొన్న ధాత కరువు ఇదియే. మద్రాసు, మైసూరు, బొంబాయి రాజ్యభాగములతో పాటు నిజాం రాజ్యపు నైరుతి జిల్లాలు దీనికి బలియైనవి. నాడు హైదరాబాదు దివాను మొదటి సాలార్ జంగు. 1877లో దేశమంతటి నైరుతి వర్షము సగటుకంటె సుమారు 30 శాతము తగ్గెను. బ్రిటిషు పాలిత ప్రాంతములలో మృతుల సంఖ్య అరకోటికి తక్కువ కాదని అంచనా. భారత వాతావరణ శాఖ ఏర్పడినది అంతకు కొంచెము ముందు, 1875లో. దాని తొలి అధికారి హెన్రీ బ్లాన్‌ఫోర్డ్ ఆ కరువు దినములలో బారోమీటరు లెక్కలను పరిశీలించుచు ఒక వింతను కనుగొనెను. వాన తప్పిన కాలమున వాయుపీడనము ఒక్క హిందూదేశమునందే గాక ఆస్ట్రేలియా వరకు గల విశాల ప్రదేశమున అధికముగా నుండెను. పీడనము అధికముగా నున్నచోట గాలి పైనుండి క్రిందికి దిగును. దిగు గాలిలో మేఘము నిలువదు. మరికొన్ని సంవత్సరములకు ఆస్ట్రేలియాలో ఖగోళశాస్త్రజ్ఞుడైన చార్లెస్ టాడ్, హిందూదేశపు కరువులును ఆస్ట్రేలియా కరువులును తరచుగా జంటగా వచ్చుచున్నవని గుర్తించెను. కరువు ఒక్క ఊరిది గాని ఒక్క రాజ్యముది గాని కాదను సంగతి అప్పటికి స్పష్టపడెను.

బ్లాన్‌ఫోర్డ్ హిమాలయములపై మంచు అధికముగా పడిన సంవత్సరము వానలు తగ్గునని తలచి, ఆ సూత్రముపై 1886లో తొలి వర్షసూచనను వెలువరించెను. కొన్ని సంవత్సరములు ఫలించెను, కొన్ని సంవత్సరములు తప్పెను. 1899లో పరిస్థితి దారుణముగా విషమించెను. ఆ సంవత్సరము వానలు మరల తప్పినవి. ఈ పర్యాయము నిజాం రాజ్యమున కరువు కాటు అధికముగా పడినది మరాఠ్వాడా జిల్లాల మీద. అనగా మంజీర పుట్టిల్లు మీద.

ఈ ఓటమి తరువాత 1904లో వాతావరణ శాఖాధిపత్యము గిల్బర్ట్ వాకర్ అను గణితశాస్త్రజ్ఞునకు లభించెను. ఆయన కేంబ్రిడ్జిలో బూమరాంగు విసరుట యందు మక్కువ గలవాడు; ఆ వస్తువు గాలిలో ఎట్లు తిరిగివచ్చునో గణితముతో నిరూపించి, తోటివారిచేత బూమరాంగు వాకరు అనిపించుకొన్నవాడు. వాతావరణ శాస్త్రము ఆయన చదివినది కాదు. బహుశః అదియే మేలయ్యెను. ఏ సిద్ధాంతమును పట్టుకొని కూర్చుండక, ప్రపంచమందలి స్థానముల నుండి పీడనము, ఉష్ణము, వర్షము లెక్కలను తెప్పించి, ఏది దేనితో కలిసి హెచ్చుచున్నది, ఏది దేనికి వ్యతిరేకముగా తగ్గుచున్నది అని గుణించుటకు పూనుకొనెను. నేటి యంత్రములు క్షణములో చేయు ఆ లెక్కలను నాడు భారతీయ గుమస్తాలు సంవత్సరముల తరబడి కాగితము మీద చేసిరి. వారిలో అధికుల పేర్లు పుస్తకములకెక్కలేదు.

1923–24లో వాకర్ తన ఫలితమునకు పేరు పెట్టెను: దక్షిణ డోలనము. పసిఫిక్ సముద్రముపై పీడనము హెచ్చినపుడు ఆఫ్రికా నుండి ఆస్ట్రేలియా వరకు హిందూ మహాసముద్రముపై తగ్గును; అచ్చట తగ్గినపుడు ఇచ్చట హెచ్చును. త్రాసునకు రెండు సిబ్బెలున్నట్లు ఇది భూగోళమంతటి త్రాసు. ఒక సిబ్బె మన వైపున బరువెక్కినదా, ఆ సంవత్సరము వానకు లోటే.

ఆ 1923వ సంవత్సరముననే అచ్చంపేట వద్ద మంజీరపై నిజాంసాగర నిర్మాణము ప్రారంభమైనది. ఈ రెండు పనులకును పరస్పర సంబంధము లేదు. వాకరు లెక్కల సంగతి బాన్సువాడలో నాడు ఎవరికిని తెలిసియుండదు. అయినను ఒకే కాలమున ఒకరు వాన ఏల తప్పునో లెక్కించుచుండగా, ఇంకొకరు తప్పిన సంవత్సరమునకు నీరు దాచి పెట్టుటకు రాతిగోడను లేపుచుండిరి. నలుబది గ్రామములను ఖాళీ చేయించి 1931 నాటికి ఆనకట్టను పూర్తి చేసిరి. నాటి నిల్వశక్తి 29.72 టి.ఎం.సి.; టి.ఎం.సి. అనగా నూరు కోట్ల ఘనపుటడుగులు. సంకల్పించిన ఆయకట్టు 2,75,000 ఎకరములు. అలీ నవాజ్ జంగ్ జన్మదినమైన జూలై 11ను తెలంగాణములో ఇంజనీర్ల దినముగా జరుపుకొనుట తగిన గౌరవమే.

ఇచ్చట చరిత్రకారులు తరచుగా దాటిపోవు విషయమొకటి గలదు. శాస్త్రజ్ఞులు 1871 నుండి అఖిల భారత వర్ష లెక్కలను క్రమముగా కూర్చిరి. వానిని ముప్పదేసి సంవత్సరముల భాగములుగా చూచినచో మంచి రోజులును చెడ్డ రోజులును గుంపులుగా వచ్చినట్లు తోచును. 1901 నుండి 1930 వరకు వర్షము బాగుగా తగ్గిన సంవత్సరములు ఆరు: 1901, 1904, 1905, 1911, 1918, 1920. వీనిలో 1918 అతి దుష్టము. కరువునకు తోడు ఇన్‌ఫ్లుయెంజా జ్వరము దేశమును ఊడ్చివైచెను. 1931 నుండి 1960 వరకు అట్టివి రెండే: 1941, 1951. పిదప 1961 నుండి 1990 వరకు 1965, 1966, 1968, 1972, 1974, 1979, 1982, 1987, ఇంకను ఒకటి రెండు.

నిజాంసాగరము పూర్తియైనది 1931లో. చక్కెర కర్మాగారము వచ్చినది 1937లో. అనగా బోధను చెరకు సీమ వేరూనిన మొదటి ముప్పది సంవత్సరములును ఆ నూరేండ్లలో గాలులు అత్యంత ఉదారముగా నుండిన ముప్పది సంవత్సరములే. ఇది ఎవరి జ్ఞానమును కాదు, అజ్ఞానమును కాదు. కాలము అట్లు కలిసివచ్చినది. కాని కలిసివచ్చిన కాలమును శాశ్వతమని తలచుట మనుష్య స్వభావము.

ఆ దినములలో ఈ సీమ రూపమే మారిపోయినది. ఆయకట్టును సాగుచేయుటకు కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు కుటుంబములతో తరలివచ్చి బోధను, వర్ని, కోటగిరి ప్రాంతములలో స్థిరపడిరి. వారి పల్లెలకు నేటికిని ‘క్యాంపు’ అను పేరు నిలిచియున్నది. ఎడ్లబండ్లు చెరకు మోయుచు శక్కర్‌నగరునకు బారులు తీరినవి. ఆసియా ఖండమున అతి పెద్ద చక్కెర కర్మాగారములలో ఒకటిగా అది పేరు గాంచెను. దానితో బోధను పేరు దేశమంతట వినవచ్చెను. ప్రాచీన అశ్మక రాజధాని పౌదన్యపురము ఇదియేనని చరిత్రకారులు తలచు ఊరికి కొత్త కీర్తి చక్కెర వలన లభించెను.

చెరకు పండ్రెండు మాసముల పైరు. దానికి 1,500 నుండి 2,500 మిల్లీమీటర్ల నీరు కావలెను. ఇచ్చట పడునది అందులో సగము ఇంచుమించు, అదియును నాలుగు మాసములలో. మిగిలినదంతయు కాలువ ఈయవలెను, లేదా బావి ఈయవలెను. వరి ఎండినచో ఒక పంట పోవును. చెరకు ఎండినచో సంవత్సరము పోవును, కర్మాగారమునకు గానుగ ఆడించుటకు చెరకు చాలదు, కూలికి పని ఉండదు. వాన నమ్మరాని సీమలో అత్యధికముగా నీరు త్రాగు పైరును నమ్ముట ఆ ముప్పది మంచి సంవత్సరములలో తప్పుగా కనబడలేదు.

గాలుల త్రాసు ఏల ఒక వైపు మొగ్గునో వాకర్ చెప్పలేకపోయెను. ఆ సమాధానము ఆయన మరణానంతరము 1969లో జాకబ్ బ్యెర్క్‌నెస్ అను నార్వే శాస్త్రజ్ఞుని వలన వచ్చెను. రహస్యము సముద్రపు వేడిమిలో నుండెను. సాధారణ సంవత్సరములలో పసిఫిక్ సముద్రమున తూర్పు నుండి పడమరకు వీచు వ్యాపార పవనములు వెచ్చని పైనీటిని ఇండోనీషియా వైపునకు నెట్టును. అచ్చట సముద్రము వెచ్చనై, గాలి పైకి లేచి, మేఘములు కట్టును. లేచిన గాలి మిక్కిలి ఎత్తున తూర్పునకు పోయి దక్షిణ అమెరికా తీరమున దిగును. ఈ మహాచక్రమునకు బ్యెర్క్‌నెస్ వాకరు పేరే పెట్టెను. కొన్ని సంవత్సరములకొకసారి వ్యాపార పవనములు బలహీనపడును. అప్పుడు వెచ్చని నీరు వెనుకకు, తూర్పునకు జరుగును. దానితో గాలి లేచు చోటును తూర్పునకు జరిగిపోవును. లేవవలసిన చోట గాలి దిగనారంభించును. ఆ దిగు భాగపు అంచు మన దేశము మీద పడినపుడు మేఘము ఎదగదు. పెరూ జాలరులు క్రిస్మసు వేళ వెచ్చనగు తమ తీరపు నీటికి బాలయేసును తలచి ‘ఎల్ నినో’, అనగా బాలుడు, అని పేరు పెట్టియుండిరి. వారి చేపల బాధకు పుట్టిన పేరు మన వానల బాధకును నిలిచినది.

ఈ నియమము ఇనుప కట్టు కాదు. 1877, 1899, 1918, 1965, 1972, 1982, 1987, 2002, 2009, 2015 సంవత్సరములలో ఎల్ నినోయును వర్షపు లోటును కలిసివచ్చినవి. 1974లో ఎల్ నినో లేకయే వాన తప్పెను. 1997లో ఇరువదవ శతాబ్దపు మహా ఎల్ నినో వచ్చినను దేశమున వాన సగటునకు తగ్గలేదు. ఇందులకు హిందూ మహాసముద్రమే కారణమని శాస్త్రజ్ఞులు పిదప గ్రహించిరి. ఆఫ్రికా వైపు నీరు వెచ్చనై, సుమత్రా వైపు చల్లనైనచో అది మన ఋతుపవనమునకు బలమిచ్చి ఎల్ నినో దెబ్బను కొంత కాచును. 1999లో దీనిని వర్ణించి హిందూ మహాసముద్ర ద్విధ్రువమనిరి. మరియు వెచ్చని నీరు పెరూ తీరము వరకు పోక పసిఫిక్ నడుమ నిలిచిన సంవత్సరములే మనకు ఎక్కువ కీడు చేయునని పరిశోధకులు కనుగొనిరి. కావున పత్రికలో ఎల్ నినో అను పేరు చూచినంతనే విత్తనము దాచుకొనుటయు తొందరపాటే, పేరు కానరాలేదని నిశ్చింతగా నుండుటయు తొందరపాటే.

ఒక్క సంవత్సరపు లోటును పెద్ద జలాశయము కాచును. రెండు వరుస సంవత్సరములను కష్టముతో కాచును. అంతకంటె దీర్ఘమైన కరువులు ఈ సీమలో వచ్చెనా? వర్షమానములున్నది నూటయేబది సంవత్సరముల నుండి మాత్రమే. అంతకు వెనుకటి సాక్ష్యము చెట్లను, గుహలను అడుగవలసి వచ్చెను. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తరు సీమయందు జగదల్పూరు సమీపమున దండక గుహ గలదు. గోదావరి వానలకు ఇంటి పొరుగు వంటి చోటు. గుహలో బొట్టుబొట్టుగా పడు సున్నపు నీరు పేరి స్తంభములుగా పెరుగును. ప్రతి పొరలోను నాటి వాననీటి గుర్తు మిగులును. ప్రాణవాయువులో బరువు రకము, తేలిక రకము ఏ పాళ్ళలో నున్నవో కొలిచి వాన హెచ్చుతగ్గులను తెలిసికొందురు. 2007లో ప్రకటితమైన ఆ పరిశోధన క్రీ.శ. 600 నుండి 1500 వరకు గల చరిత్రను వెలికి తెచ్చెను. పదునాలుగవ శతాబ్ది మధ్యభాగము నుండి పదునైదవ శతాబ్ది వరకు దశాబ్దముల తరబడి బలహీన వర్షములు ఉండెనని తేలినది. 1396లో ప్రారంభమై పండ్రెండేండ్లు దక్కనును పీడించెనని మహారాష్ట్రులు చెప్పుకొను దుర్గాదేవి కరువు ఆ కాలముదే. అది అతిశయోక్తియని పూర్వము పండితులు సందేహించుటకు వీలుండెను. ఇప్పుడు ఆ మాటకు రాతి సాక్ష్యము దొరికినది.

2010లో ఆసియా ఖండమందలి వృక్షముల వార్షిక వలయములను పరిశీలించి మరియొక పెద్ద చరిత్రను వెలువరించిరి. అందులో 1756 నుండి 1768 వరకు, 1790 నుండి 1796 వరకు, 1876 నుండి 1878 వరకు మహాకరువులు గుర్తింపబడినవి. మనకు పరిచితమైన ధాత కరువు వీనిలో అతి కురుచయైనది. నిజాంసాగరమును గాని, పిదపటి జలాశయములను గాని పండ్రెండేండ్ల కరువునకు సరిపడునట్లు ఎవరును కట్టలేదు, కట్టుటయు సాధ్యము కాదు. కాని అట్టి కరువు ఎన్నడును రాలేదనుకొని పైరులను, పట్టణములను పెంచుట వేరు మాట.

ఇక మనుష్యుని పాలు. జలాశయము కట్టిన దినము నుండియే మంజీర తన ఎగువ సీమల నల్లమట్టిని అందులో చేర్చనారంభించెను. 1970 దశకపు కొలతలలో 29.72 టి.ఎం.సి. నిల్వశక్తి 11.8కు దిగజారినట్లు తేలెను. సగము కంటె ఎక్కువ జాగా నలుబది సంవత్సరములలో పూడినది. పిదప నీటిమట్టమును హెచ్చించి దానిని 17.8కు తెచ్చిరి. కరువు సంవత్సరమునకు దాచుకొను కుండయే చిన్నదైనది. గాలి దీనికి బాధ్యురాలు కాదు.

రెండవది నగరము. 1965 నుండి మంజీర నీరు హైదరాబాదు నగరమునకు త్రాగునీరుగా తరలినది. ఆ వెనుక ఎగువన సింగూరు జలాశయమును కట్టిరి. దాని నిల్వశక్తి 29.91 టి.ఎం.సి., ఇంచుమించు తొలినాటి నిజాంసాగరమంత. దాని ముఖ్యోద్దేశము నగరపు దాహము. నగరము దాహముతో నుండవలెనని ఎవరును కోరరు. అయినను దిగువ రైతునకు నీరు తన తొలి హక్కుగా కాక, పైవారు విడిచిన మిగులుగా వచ్చు స్థితి ఏర్పడినది. మంచి సంవత్సరములో ఈ తేడా కానరాదు, చెడ్డ సంవత్సరములోనే కానవచ్చును. ఇంకను ఎగువన, మరాఠ్వాడాలో, వర్షచ్ఛాయలోనున్న ఆ సీమలలోనే చెరకు తోటలును చక్కెర కర్మాగారములును పెరిగినవి. బోధను చేసిన సాహసమునే, బోధనుకంటె తక్కువ వానతో, వారును చేసిరి.

వీనియన్నిటి ఫలితము ఒక్కమారుగా కనబడినది 2014, 2015 సంవత్సరములలో. దేశమున ఋతుపవన వర్షము 2014లో 12 శాతము, 2015లో 14 శాతము తగ్గెను. రెండవ సంవత్సరపు ఎల్ నినో మహాబలమైనది. సింగూరు ఎండెను. నిజాంసాగరములో పశువులు మేసెను. ఎగువన ధనేగాం వద్దనున్న మాంజరా జలాశయము వట్టిపోగా, 2016 ఏప్రిల్‌లో లాతూరు పట్టణమునకు మిరజ్ నుండి రైలుబండిలో నీరు తెచ్చిరి. 2002లో అధిక భాగము ప్రైవేటు యాజమాన్యమునకు మారిన బోధను కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడెను. ఆ మూతకు కరువొక్కటే కారణమనుట సత్యము కాదు. ఆర్థిక చిక్కులును, యాజమాన్య వివాదములును, చెరకు విస్తీర్ణము క్రమముగా తగ్గుటయు అంతకు ముందే ఉండెను. కాని అవి ముదిరిన వేళ నది కూడ తోడ్పడలేకపోయెను. డెబ్బది ఏడేండ్లు వినబడిన కర్మాగారపు కూత శక్కర్‌నగరమున నిలిచిపోయెను.

అదే 2016లో సెప్టెంబరు చివర, ఉత్తర కార్తె దాటునప్పటికి, మంజీరపై అల్పపీడనము నిలిచి కుండపోతగా కురిసెను. వసంతమున బీటలు వారిన సింగూరునకు శరత్తులో తలుపులెత్తవలసి వచ్చెను. నిజాంసాగరమునకు వరద చేరెను. రైలుబండి నీరు త్రాగిన లాతూరు సీమయందు మాంజరా నిండెను. ఎల్ నినో అంతకు ముందే సమసిపోయియుండెను. అయితే తొమ్మిది మాసములకు ముందు మూతపడినది తెరువబడలేదు. గాలి తీసికొనిన నీటిని గాలి తిరిగి ఇచ్చెను గాని, ఎండిన కాలమున చెరకు మాని వరి, సోయా వేసిన రైతు, పనికై వలసపోయిన కూలి వెనుకటి స్థితికి రాలేదు.

గాలిని మార్చు శక్తి ఎవరికిని లేదు. దాని రాకను కొన్ని మాసములు ముందుగా ఊహించు శక్తి మాత్రము బ్లాన్‌ఫోర్డ్ నాటికంటె నేడు చాల హెచ్చినది. ప్రతి సంవత్సరము ఏప్రిల్‌లో వాతావరణ శాఖ ఋతుపవన సూచనను ప్రకటించును. పసిఫిక్, హిందూ మహాసముద్రముల స్థితిని అందులో పేర్కొనును. ఆ సూచన దేశమంతటికి సంబంధించినది. ఒక మండలమునకు వర్తింపజేసినచో మోసపోవచ్చును. 2023 ఇందుకు తాజా దృష్టాంతము. ఆ సంవత్సరము ఎల్ నినో బలపడుచుండగా, జూలై చివరి వారమున నిజామాబాదు జిల్లా వేల్పూరులో ఒక్క దినమున 46 సెంటీమీటర్ల వాన పడెను. అనగా సంవత్సరపు సగటు వర్షములో దాదాపు సగము ఇరువదినాలుగు గంటలలో. చెరువులు తెగినవి, పొలములలో ఇసుక మేటవేసినది. దాని వెనువెంటనే వచ్చిన ఆగస్టు మాసము దేశమున 1901 నుండి గల లెక్కలలో అతి పొడి ఆగస్టుగా నిలిచెను.

ఆ రెండు మాసముల సగటు తీసినచో వర్షము సరిగానే ఉన్నట్లు కాగితముపై కానవచ్చును. జూలైలో మట్టిని కోసికొనిపోయిన ఆ నీరు ఆగస్టులో కాలువకు దొరకవలెనన్నచో అది ఎచ్చటనో నిలువవలెను. కాకతీయుల నాటినుండి ఈ సీమలో చెరువు క్రింద చెరువును గొలుసుగా కట్టినవారు ఆ పనినే చేసిరి. పై చెరువు అలుగు పోసినచో క్రింది చెరువు నిండునట్లు కట్టిరి, ఏటేట పూడిక తీసి పొలములకు వేసికొనిరి. 2015లో తెలంగాణ ప్రభుత్వము మిషన్ కాకతీయ పేర చెరువుల పూడికతీతను చేపట్టినపుడు రైతులు ఆ నల్లమట్టిని బండ్లకెత్తుకొని పోయిరి. నిజాంసాగరములో చేరిన మట్టి మాత్రము చేరినచోటనే ఉన్నది.